బీల్ కాదు, బిల్డ్

2025 ఫిబ్రవరి 2, ఆదివారం

కొత్త డ్యూటీ. మదీనత్ ఖలీఫాలో విల్లా. హోమ్ కేర్ కంపెనీ వ్యాన్ పొద్దున్నే దింపి వెళ్ళింది.

పేషెంట్ స్టూరె గారు. స్వీడన్ ఆయన. డెబ్బై ఆరేళ్ళు, రిటైర్డ్ ఇంజినీర్. కూతురు మాలిన్ మేడమ్‌కి ఇక్కడ ఖతర్‌లో ఉద్యోగం. మూడేళ్ళ క్రితం భార్యాభర్తలిద్దరూ కూతురి దగ్గరికి వచ్చేశారట. భార్య గున్వోర్ గారు పోయిన ఆగస్టులో చనిపోయారు. జనవరిలో ఈయనకు స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనం. మాట పడిపోయింది. "యా" అంటారు, "నేయ్" అంటారు. ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన ఇంగ్లిష్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. లోపల మిగిలింది స్వీడిష్ ఒక్కటే. అదీ ముక్కలుగా.

నాకు నాలుగు భాషలు వచ్చు. ఆయనకు మిగిలిన ఆ ఒక్కటీ నాకు రాదు.

మేడమ్ ఫ్రిజ్ మీద నలభై స్వీడిష్ మాటల లిస్టు అంటించి ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఎదురుగా కూర్చుంటే ఆయన నన్ను చూడలేదు. కిటికీ చూశారు. పన్నెండు గంటలు కిటికీయే చూశారు.

డ్రైవర్ పేరు పోశన్న. మెట్‌పల్లి దగ్గర పల్లె. ఆరేళ్ళుగా ఈ ఇంట్లోనే, గ్యారేజీ పక్క గదిలో ఉంటాడు. నా ఫోన్ మాట విని గేటు దగ్గర ఆపాడు. "సిస్టర్, మీది గోదారి దిక్కా? మాటల్నే తెల్సింది. మంచిగైంది. గీ ఇంట్ల తెలుగు మాట్లాడెటోళ్ళు ఒక్కలు గూడ లేకుండిరి" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. దేవునికి స్తోత్రం.

ఫిబ్రవరి 4, మంగళవారం

లిస్టులో మొదటి మాట: కాఫ్ఫెకోప్. కాఫీ కప్పు. కప్పు చూపించి పదిసార్లు చెప్పాను. ఆయన నుదురు ముడుచుకుంది. పదకొండోసారికి మొహం తిప్పేసుకున్నారు.

సాయంత్రం మేడమ్‌కి చెప్పి చూపించాను. ఆవిడ మర్యాదగా నవ్వు ఆపుకున్నారు. నేను అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతున్నానట, పూసలు గుచ్చినట్టు. వాళ్ళ భాషలో రెండు మాటలు అతికితే మొదటి ముక్క మీద గట్టిగా నొక్కాలి. చివరి ముక్క మీద కొంచెం నొక్కాలి. మధ్యలోవి మింగెయ్యాలి. పైగా గొంతు రెండుసార్లు గుట్ట ఎక్కి దిగాలి. అలా కాకపోతే రెండు వేరే వేరే మాటలుగా వినిపిస్తుంది, అర్థమే కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు, నాన్న సర్దుకోలేరు అన్నారు.

అంటే రెండు రోజులుగా ఆయనతో నేను స్వీడిష్ మాట్లాడలేదు. స్వీడిష్ అక్షరాలతో తెలుగు మాట్లాడాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

చర్చికి మా ఆయన ఆండ్రూ, మెసయీద్ నుంచి బస్సులో వచ్చాడు. పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఒకే దేశంలో రెండు ఊళ్ళలో కాపురం. ఆయన ఫెర్టిలైజర్ ప్లాంట్ కంపెనీ రూములో, నేను ఉమ్ ఘువైలినాలో నలుగురు నర్సులతో ఫ్లాట్‌లో. శుక్రవారం మాది.

ఆరాధన అయ్యాక కాఫ్ఫెకోప్ గోల చెప్పాను. ఆండ్రూ చర్చిలో డోలక్ వాయిస్తాడు. మాటగా వద్దు, మేడమ్ ఎలా అన్నదో మూతి మూసుకుని కూనిరాగం తీసి చూపించమన్నాడు. తీశాను. వెంటనే బల్ల మీద కొట్టాడు. ధన్, త, ధిన్.

"ఇంతేనేంటే? దీనికా రెండ్రోజులు ఏడ్చావు? ముందు తాళం పట్టుకో. మాట దానంతటదే వచ్చి కూర్చుంటది" అన్నాడు.

అందరి ముందూ ఏంటే అన్నందుకు కోపం రావాలి. రాలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

స్పీచ్ థెరపిస్టు ఇంటికి వచ్చింది. తహెరున్నీసా. హైదరాబాద్ అమ్మాయి, చురుకైనది. స్ట్రోక్‌లో మాట పోయినవాళ్ళకు పాట మిగులుతుందట కొన్నిసార్లు. అందుకని మాటను పాటలా సాగదీసి, ఒక్కో అక్షరానికి పేషెంట్ ఎడమ చేతిని పట్టుకుని బల్ల మీద తట్టించాలి. నెమ్మదిగా. మాట వచ్చేదాకా రోజూ.

అయితే తనకు స్వీడిష్ ఒక్క ముక్క రాదంది. అక్షరాలు ఎక్కడ విరగాలో, బరువు దేనిమీద పడాలో మీరే చూసుకోండి సిస్టర్ అని నా చేతిలో పెట్టి వెళ్ళింది.

నేనా?

ఫిబ్రవరి 11, మంగళవారం

రాజోలు హైస్కూల్లో గణవిభజనకు పదికి పది వచ్చేవి నాకు. ఇన్నేళ్ళలో ఎక్కడా పనికిరాలేదు. ఈ రోజు మధ్యాహ్నం ఫ్రిజ్ లిస్టులో నలభై మాటలకూ పెన్సిల్‌తో గురువులు, లఘువులు పెట్టాను. కాఫ్-ఫె-కోప్. గురువు, లఘువు, గురువు. రగణం!

మా తెలుగు మేడమ్ దయమ్మ గారు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కొత్తగా ఏమీ లేదు. ఆయన చెయ్యి పట్టి తడుతూనే ఉన్నాను. రాత్రి నా వేళ్ళు వాటంతట అవే తడుతున్నాయట, రూమ్మేట్ చెప్పింది.

ఫిబ్రవరి 19, బుధవారం. ఉదయం 10.20

వచ్చింది!

ఎడమ చెయ్యి తట్టిస్తూ రాగం తీస్తున్నాను. మూడోసారి రాగం ఆపేశాను, చెయ్యి మాత్రం తట్టించాను. ఆయన గొంతు వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది. "కాఫ్... ఫె... కోప్."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మళ్ళీ అన్నారు. ఇంకోసారి అన్నారు. కాఫీ తెచ్చి ఇస్తే తాగరే! కప్పు చూసుకుంటూ అంటూనే ఉన్నారు. చల్లారిపోయింది. ఇంకోటి కలిపాను.

మేడమ్‌కి ఫోన్ చేసి ఆయన నోటి దగ్గర పెట్టాను. మీటింగ్‌లో ఉన్నాను, మళ్ళీ ఒకసారి అనిపించండి అన్నారు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మాటలు పెరుగుతున్నాయి. కార్డులు తయారుచేశాను. ఒక్కో కార్డు మీద ఒక్క ముక్కే. కిచెన్‌లో తుడుచుకునే పేపర్ చుట్టకు హూస్‌హోల్స్‌రుల్లె. అది ఆయనకు పెద్దది, అందుకని చివరి ముక్క "రుల్లె" మాత్రం రాశాను. చుట్ట. గోడ మీద గున్వోర్ గారి ఫోటో చూపించి "బిల్డ్". బొమ్మ. ఈ రెండూ ఆయనకు ఇష్టం. బిల్డ్ అన్నప్పుడల్లా గోడ వైపు తిరుగుతారు.

మొత్తం ఇరవై మూడు ముక్కలు.

మీరిద్దరు దినమంత బల్ల మీద ఏం కొడ్తరు సిస్టర్ అని పోశన్న అడిగాడు. మాటను ఎక్కడ విరవాలో చూస్తున్నాం అన్నాను. అర్థం కాలేదు. సరే అని ఒకే గుక్కలో అడిగాను: "మీకుక్కపోస్తోందా?"

"నా కుక్కనా? నాకేడ కుక్క ఉన్నది సిస్టర్?"

మీకు, ఉక్క పోస్తోందా అని విరిచి చెప్పాను. ముందు తెల్లమొహం వేశాడు. తర్వాత కారు బానెట్ పట్టుకుని నవ్వాడు. సాయంత్రం వ్యాన్ ఎక్కుతుంటే అక్కడి నుంచే, "సిస్టర్, రేపు నా కుక్కను తోల్కొస్త" అని అరిచాడు.

మార్చి 3, సోమవారం

ఈ వారం నుంచి సోమ, గురువారాలు క్లినిక్‌కి తీసుకెళ్ళి థెరపీ. ఎండ అప్పుడే మొదలైంది. రంజాన్ కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయి. స్టూరె గారు ముందు సీట్లో, మేడమ్, నేను వెనక. స్ట్రోక్ వచ్చాక ఆయన ఈ కారు ఎక్కడం ఇదే మొదలు. హాస్పిటల్‌కీ ఇంటికీ అంబులెన్సే.

కారు గేటు దాటగానే ఆయన ఎడమ చేత్తో డాష్‌బోర్డు మీద కొట్టారు. పోశన్న వైపు తిరిగారు. "బి... డ్రు... లె" అన్నారు. ఎవరూ తట్టించకుండా వచ్చిన మాట! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే మాట. మెడ నరాలు ఉబ్బాయి. క్లినిక్ వచ్చేదాకా ఆగలేదు.

మేడమ్ మొహం చూసి చప్పట్లు మానుకున్నాను.

మార్చి 4, మంగళవారం

ఆ మాట బీల్‌డ్రుల్లె అట. బీల్ అంటే కారు. డ్రుల్లె అంటే మొద్దు. బండి నడపడం చేతకాని మొద్దు అని తిట్టు. వాళ్ళ దేశంలో రోడ్డు మీద అందరూ వాడే మాటేనట.

నవంబరులో పోశన్న కారు రివర్స్ చేస్తూ గేటుకు గీరించాడు. అప్పుడు స్టూరె గారు కారులోనే ఉన్నారు. నాన్నకు ఆ భయం మనసులో ఉండిపోయింది, అప్పుడు పైకి అనలేదు, స్ట్రోక్ వచ్చాక నోరు లేక చెప్పలేకపోయారు అన్నారు మేడమ్. సొంతంగా వచ్చిన మొదటి మాట అదే అయితే ఆ భయం ఎంత పెద్దదో చూడండి అన్నారు. ఆఫీసు నుంచి వేరే డ్రైవర్‌ను అడుగుతారట. పోశన్నకు ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి అన్నారు. ఆ మాటను ప్రాక్టీసు కూడా చేయించవద్దన్నారు.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెబుతున్నంతసేపూ చేతిలో గ్లాసు తిప్పుతూనే ఉన్నారు.

మార్చి 6, గురువారం

మళ్ళీ క్లినిక్. మళ్ళీ డాష్‌బోర్డు. ఈసారి ఇంకా కోపంగా.

దింపాక పోశన్న నన్ను పక్కకు పిలిచాడు. "సార్ నన్ను జూసి ఏమంటుండు సిస్టర్? తిట్టినట్టే ఉన్నది."

తెలియదు అన్నాను. నర్సుగా పదమూడేళ్ళలో చాలామందికి చాలా దాచాను. ఇంత అసహ్యంగా ఎప్పుడూ అనిపించలేదు.

మార్చి 8, శనివారం

మేడమ్ చెప్పేశారు. రంజాన్ పండుగ అయ్యాక వీసా క్యాన్సిల్, టికెట్ వాళ్ళే ఇస్తారు, మంచి లెటర్ రాసిస్తారు.

పోశన్న కారు తుడుస్తూ కనిపించాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"గేటుకు గీరిచ్చిన, ఒప్పుకుంట" అన్నాడు. "సార్ పానం బాగలేనోడు. నన్ను జూస్తె భయమైతుందంటె నేనెట్ల ఉంట? మేడమ్ జేసింది కరెక్టే." గుడ్డ పిండుకుంటూ, "మా బిడ్డ మమతది నర్సింగ్ మూడో ఏడు సిస్టర్, మీ లెక్కనే. ఇంక ఒక్కటే ఏడు ఉండె. మా ఇంటామె నర్సవ్వకు ఫోన్ జేసిన, దుబాయ్‌ల పని అయిపోయింది, అచ్చేస్తున్న అని. గామెకు ఖతర్ అంటె సమజ్ గాదు" అన్నాడు.

స్ట్రోక్ వచ్చిన రోజు స్టూరె గారిని భుజం మీద వేసుకుని మెట్లు దింపింది ఇతనే. ఆ సంగతి వేరే ఎవరో చెబితే తెలిసింది. తను చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం. మధ్యాహ్నం 2.00

వరసగా రాస్తాను.

పొద్దున కార్డులు వేశాను. ఆయన పట్టించుకోలేదు. కిటికీలోంచి కారునే చూస్తున్నారు. చూసి చూసి, బల్ల మీద కొట్టి, అదే మాట. చేయించవద్దన్న మాట. నేను మాట మార్చబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఎడమ చేతికి ఇంత బలం ఉందని తెలియదు. నా చేతిని తన చేతి మీద పెట్టుకున్నారు. తట్టించు అన్నట్టు.

పేషెంటే అడిగితే ఎలా కాదంటాను? మేడమ్, క్షమించండి అనుకుని తట్టించాను. నెమ్మదిగా, రాగం తీసి. మూడు దెబ్బలు. గురువు, గురువు, లఘువు. తగణం. కారులో తోసుకుంటూ వచ్చిన మాట ఇక్కడ సాగింది. సాగితే మొదటి దెబ్బకు ఆయన నాలుక పైకెళ్ళి పళ్ళ వెనక ఆనుకుని అక్కడే ఉండిపోయింది. "బిల్... డ్." ఊపిరి తీసుకున్నారు. తర్వాత "రుల్... లె."

నేను ఆగాను. మళ్ళీ చేయించాను. మళ్ళీ అక్కడే విరిచారు. డ్ ముందు ముక్కలోనే ఉంది. రెండో ముక్కలో డ్రు లేదు, రు ఉంది.

మేడమ్ చెప్పిన తిట్టులో బీల్. దీర్ఘం. ఈయనది బిల్డ్. దీర్ఘం లేదు, పొల్లు ఉంది. దీర్ఘం ఉన్నా గురువే, పక్కన పొల్లు వచ్చినా గురువే. అందుకే ఎటు విరిచినా తగణమే. బరువు ఒకటే, తాళం ఒకటే. విరుపే వేరు!

ఆ తిట్టు మొన్నటిదాకా నాకు తెలియదు. అందుకే చెవిలో అడ్డు రాలేదేమో. నాకు తెలిసినవి ఇరవై మూడు ముక్కలు. వాటిలో బిల్డ్ ఉంది. రుల్లె ఉంది. రెండు కార్డులూ తీసి పక్కపక్కన పెట్టాను. బొమ్మ. చుట్ట.

ఆయన "యా" అన్నారు. కళ్ళు మూసుకుని "యా, యా, యా" అన్నారు. నీళ్ళు చెంపల మీదికి వచ్చేశాయి.

బొమ్మల చుట్ట. మా చిన్నప్పుడు పెళ్ళి ఫోటోగ్రాఫర్ కెమెరాలో వేసే ఫిల్మ్ రోల్!

పరిగెత్తి పోశన్న దగ్గరికి వెళ్ళాను. డాష్‌బోర్డు కింది అర తెరిపించాను. ఖాళీ. ఫిల్మ్ రోల్ గురించి ఏమైనా తెలుసా అని అడిగాను. పోశన్న నుదురు రుద్దుకున్నాడు.

"ఆగుండ్రి... జనవరిల ఒక శుక్రారం ముషేరిబ్‌ల ఫోటో స్టూడియోకు తోల్కపొమ్మన్నడు. నమాజ్ టైమ్, బందు ఉండె. మల్లొద్దాం అని సైగ జేసిండు. తెల్లారే గాయనకు గట్లయింది." అప్పుడు గుర్తొచ్చింది అతనికి. "సిస్టర్, ఆ ఎనుక వారం కారు సర్వీసింగ్‌కు ఇచ్చిన గద! అండ్ల ఉన్నయన్నీ తీసి సంచిల గట్టి పెట్టిన. మందిది పారేస్తమా?"

అతని గదిలో మంచం కింద ప్లాస్టిక్ సంచి. ముడి విప్పాడు. ఇన్సూరెన్స్ కాగితాలు, కళ్ళద్దాలు, పిప్పరమెంట్ల డబ్బా. అడుగున నల్లటి చిన్న డబ్బీ, బూడిదరంగు మూత.

"ఇదా? ఇది గోలీల డబ్బ అనుకున్న."

పైకి తీసుకెళ్ళమని అతనికే ఇచ్చాను. నేను ఇవ్వకూడదనిపించింది. పోశన్న చెప్పులు విప్పి లోపలికి వచ్చి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టాడు. స్టూరె గారు డబ్బీ తీసుకోలేదు. పోశన్న చెయ్యి పట్టుకున్నారు, డబ్బీతో సహా. వదల్లేదు. పోశన్న అలాగే వంగి నిలబడ్డాడు, నడుం నొప్పి ఉన్న మనిషి.

అదే రోజు, సాయంత్రం 6.30

మేడమ్ వచ్చారు. చెప్పాను. చెప్పినమాట దాటానని ముందే ఒప్పుకున్నాను. ఆవిడ రెండు కార్డులు చేతిలోకి తీసుకుని గట్టిగా చదివారు. బిల్డ్. రుల్లె. కలిపి చదివారు. కుర్చీలో కూర్చుండిపోయారు.

ఫిల్మ్ రోల్‌కు వాళ్ళు మామూలుగా వాడేది వేరే మాటట, ఫిల్మ్ రుల్లె అనే అంటారట. "నాన్న దగ్గర ఫిల్మ్ అన్న మాట పోయింది. మిగిలిన ముక్కలతో కట్టుకున్నారు. నాకు ఆ తిట్టు తెలుసు కాబట్టి తిట్టే వినిపించింది" అన్నారు. అది అమ్మ కెమెరాలో చివరి రోల్ అయి ఉండాలి అన్నారు. పోయిన ఏడు వసంతంలో అల్ తఖీరా సముద్రం దగ్గరికి వెళ్ళినప్పటిది. అమ్మ పోయాక నాన్న దాన్ని కడిగించే ధైర్యం లేక సొరుగులోనే ఉంచుకున్నారట.

తర్వాత ఆవిడ లేచి ఎవరినీ పిలవకుండా గ్యారేజీ పక్క గదికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడలేదు. కొంచెంసేపే నిలబడ్డాను.

మార్చి 10, సోమవారం

"మేడమ్ నాకు సారీ జెప్పింది సిస్టర్. నాకేం జెప్పాల్నో తెల్వక చాయ్ పెట్టిన. తాగింది. మంచం మీదనే కూసుండి తాగింది" అన్నాడు పోశన్న.

క్యాన్సిల్ క్యాన్సిల్ అయింది.

ఈ రోజు కారులో స్టూరె గారు డాష్‌బోర్డు ముట్టుకోలేదు. ఖర్జూర చెట్లు చూసుకుంటూ వెళ్ళారు.

మార్చి 12, బుధవారం

ముషేరిబ్‌లో ఆ స్టూడియో కమాలుద్దీన్ గారిది. అరవై దాటి ఉంటాయి. రంజాన్ కాబట్టి ఇఫ్తార్ అయ్యాకే తెరిచారు. రోల్‌ను వెలుగుకు దూరంగా పట్టుకుని, చాలా ఎండలు చూసిన ఫిల్మ్, మాట ఇవ్వలేను, చేతనైనంత చేస్తాను అని ఉర్దూలో అన్నారు. మేడమ్ తలూపారు. బయటికొచ్చాక అన్నారు, ఒక్కటి వచ్చినా చాలు.

మార్చి 20, గురువారం

ముప్ఫై ఆరులో ఇరవై రెండు వచ్చాయి. కొంచెం ఎర్రబారాయి. అంతే.

మధ్యాహ్నం అందరం ఆయన బల్ల చుట్టూ చేరాం. మేడమ్ ఒక్కొక్కటీ పెడుతున్నారు. స్టూరె గారు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతూ. స్టూరె గారు నారింజ ఒలుస్తూ. ప్యాంటు మడిచి నీళ్ళలో దిగుతూ. వెనక నుంచి ఆయన వీపు. టోపీ ఎగిరిపోతే పట్టుకోబోతూ. మళ్ళీ నిద్రపోతూ. పది అయ్యాయి, పదిహేను అయ్యాయి. గున్వోర్ గారు ఒక్కదాంట్లోనూ లేరు.

ఎందుకుంటారు? కెమెరా ఆవిడది. ఆ రోజంతా ఆవిడ చూసింది ఈయన్నే.

మేడమ్ చేతులు నెమ్మదించాయి. ఆయనకు ఆవిడ కావాలి, ఆవిడ లేరు. ఇరవై ఒకటో ఫోటో పెట్టి ఆవిడ నా వైపు చూశారు. నేనేం చెయ్యను? చివరిది పెట్టారు.

ఇద్దరూ ఉన్నారు. ఇసుకలో పక్కపక్కన. గున్వోర్ గారు దేనికో పడీపడీ నవ్వుతున్నారు, జుట్టంతా మొహం మీద. ఫోటో పక్కకు ఒరిగిపోయింది, సముద్రం ఓ వైపుకు కారిపోతున్నట్టు. స్టూరె గారి టోపీ పైభాగం తెగిపోయింది.

"గిది నేను దీసిందే!" అన్నాడు తలుపు దగ్గర పోశన్న. "పెద్దమేడమ్ కెమెరా ఇచ్చి ఒత్తుమన్నది. నాకు రాదంటె ఇనలే. గందుకే నవ్వుతుండె."

స్టూరె గారు ఆ ఫోటో ఎడమ చేత్తో దగ్గరికి లాక్కున్నారు. బొటనవేలితో ఆవిడ మొహం మీద జుట్టు తొలగిస్తున్నట్టు రుద్దారు. చాలాసేపు.

అప్పుడు తలెత్తి పోశన్నను చూశారు. ఒరిగిపోయిన సముద్రాన్ని వేలితో చూపించారు. తన చెయ్యి తానే తట్టుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా, దీర్ఘాన్ని ఇంతపొడుగు సాగదీసి అన్నారు:

"బీ...ల్. డ్రుల్లె."

ఎడమ వైపు పెదవి పైకి లేచింది.

మేడమ్ ఒక్క అరుపు అరిచి నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. పోశన్న కంగారుగా నా వైపు తిరిగి, "గిప్పుడు నిజంగనే తిడ్తుండా సిస్టర్?" అన్నాడు.

అవును, ఇప్పుడు నిజంగానే అన్నాను.

"గట్లనా!" అని పోశన్న వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. బహుమతి వచ్చినవాడిలా.

మార్చి 21, శుక్రవారం

చర్చిలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో అంతా అనుకునే వెళ్ళాను. నోరు తెరిస్తే రాలేదు. వందనాలు అని కూర్చున్నాను. ఆండ్రూ డోలక్ మీద చిన్నగా తట్టాడు, పర్లేదన్నట్టు.

నాలో నేను లెక్కపెట్టుకున్నాను. అక్షరాలు విరవడం నేర్పిన దయమ్మ మేడమ్. తాళం పట్టించిన ఆండ్రూ. చెయ్యి తట్టించమన్న తహెరున్నీసా. మందిది పారేయని పోశన్న. తప్పు తెలిశాక గ్యారేజీ గదికి నడిచి వెళ్ళిన మాలిన్ మేడమ్. నా మణికట్టు పట్టుకున్న ఆ ముసలి చెయ్యి.

ప్రార్థనలో నాకోసం ఏమీ అడగలేదు ఈ రోజు. అడగడం మర్చిపోయాను.

ఏప్రిల్ 11, శుక్రవారం. ఉదయం 7.10

నాకు సెలవు. అయినా మదీనత్ ఖలీఫాలోనే ఉన్నాను. ఆండ్రూ కూడా.

నిన్న స్టూరె గారు కొత్త మాట అన్నారు. హఫ్స్‌ఫ్రేదాగ్. సముద్రశుక్రవారం. మొదటి ముక్క మీద గట్టిగా, రెండో ముక్క మీద కొంచెం. విరుపు స్పష్టంగా ఉంది. అలాంటి మాట స్వీడిష్‌లో లేదు అన్నారు మేడమ్, తెల్లవారుజామునే లేచి గుడ్లు ఉడకబెడుతూ.

పోశన్న కారు తీశాడు.